నల్లజీడి వేలు

ఇది మహాకావ్యం. ఇందులో ఒక నది, ఒక దుర్గం, పదకొండు మంది వీరులు, రాజభటులు, ఒక మాతృమూర్తి చేసిన శస్త్రప్రయోగం వస్తాయి. చదివేవాళ్ళు కాళ్ళు కడుక్కుని, తీరిక చేసుకుని కూర్చోవాలి.

అంత లేదు. నది అంటే మా ఇళ్ళ వెనక కాలువ. దుర్గం అంటే విజయవాడ వన్ టౌన్‌లో ఒక మునిసిపల్ స్కూలు, అందులోనూ మూడో తరగతి గది. వీరుల్లో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. రాజభటుడు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. మాతృమూర్తి మా అమ్మ, శస్త్రం సూది. జరిగినదంతా నా ఎడమచేతి చూపుడు వేలి మీద అంగుళం మేర జరిగింది. భయం మాత్రం కావ్యానికి సరిపడా వేసింది. దాన్ని తగ్గించి చెప్పను.

డెబ్బై ఏడు మార్చి. నాకు ఇరవై రెండేళ్ళు. రైల్వే లోకో షెడ్డులో ఖలాసీ ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. మాది చాకలి వీధి, కాలువ గట్టు మీద. మా ఇంట్లో ఎండ కాస్తుందా లేదా అని చూసుకోకుండా జీతం తీసుకోబోయే మొదటి మనిషిని నేనే. ఆ ఆర్డరుని మా అమ్మ ఇస్త్రీ చేస్తానంది. కాయితాన్ని ఇస్త్రీ చెయ్యకూడదని చెప్పి ఆపడానికి చాలాసేపు పట్టింది.

ఆర్డరు కింద ఒక షరతు ఉంది. పోలీసులు విచారించి, ఫలానా చోట ఉంటున్నాడు, నడవడి మంచిది అని రాసి పంపాలి. గడువులోగా ఆ కాయితం రాకపోతే ఉద్యోగం జాబితాలో నా తర్వాత ఉన్నవాడికి పోతుంది. గడువు ఇంకా వారం ఉందనగా హెడ్ కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చాడు. మర్నాడే పోలింగు. అప్పటికి రెండేళ్ళుగా, ఎమర్జెన్సీ మూలాన, ఊళ్ళో పోలీసు టోపీ కనిపిస్తే మాట్లాడుకుంటున్న వాళ్ళు మాటలాపి, ఆకాశంలో ఏదో వెతుక్కునేవారు. మా వీధంతా ఆ సాయంత్రం ఆకాశం చూసింది.

"ఇంటి నంబరేదిరా?" అన్నాడు హెడ్డు.

"తలుపు మీద ఉండేదండీ."

"తలుపు మీద లేదే."

"అది పాత తలుపు మీదండీ. చెద పట్టిందని మార్చాం."

"పాత తలుపేది?"

"పొయ్యిలో పెట్టామయ్యా," అంది మా అమ్మ, అది కూడా ఒక సాక్ష్యమే అన్నట్టు.

హెడ్డు గోడకి ఆనించిన మంచం మీద కూర్చుని రేషన్ కార్డు అడిగాడు. కార్డు మా తాత పేరు మీద ఉంది. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది తాత, అమ్మ, నేను. కార్డులో "పెద్దలు: ముగ్గురు" అని ఉంది.

"ఇందులో నీ పేరేది?"

"పెద్దలు ముగ్గురు అని ఉంది కదండీ. మూడోవాణ్ణి నేను."

"మూడోవాడివి నువ్వేనని ఎక్కడుంది?"

స్కూలు సర్టిఫికెట్ చూపించాను. నేను చదివింది ఉయ్యూరులో, మేనమామ ఇంట్లో ఉండి. ఆయన అక్కడ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సర్టిఫికెట్ నిండా ఉయ్యూరే.

"అయితే నువ్వు ఉయ్యూరోడివి."

"చదువు మటుకేనండీ. మిగతాదంతా ఇక్కడోణ్ణే."

హెడ్డు కార్డూ సర్టిఫికెట్టూ మళ్ళీ తిరగేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆర్డరులో కాకుండా ఇంకెక్కడైనా ఒక కాయితం మీద నా పేరూ, ఈ వీధీ పక్కపక్కన కనిపిస్తే రాసిచ్చి పోదామనే ఉంది ఆయనకి. చివరికి, "ఓటుందా?" అన్నాడు.

"ఉందండీ. చీటీ కూడా ఇచ్చి వెళ్ళారు."

"అయితే రేపు ఓటేసి, ఆ సిరా వేలితో స్టేషన్‌కి రా. ఆర్డరు కూడా తెచ్చుకో. లిస్టులో ఉంటేనే ఓటెయ్యనిస్తారు. ఓటేస్తేనే సిరా పెడతారు. సిరా ఉందంటే నువ్వు ఈ వీధోడివే. రాసి పంపుతా."

ఇంత చక్కటి తర్కాన్ని నేను అప్పటిదాకా వినలేదు. కానీ వింటున్నంతసేపూ నా ఎడమచెయ్యి వీపు వెనకే ఉంది. ఆయన వెళ్ళాక మా అమ్మ, "ఒరే, ఆ చెయ్యేంటి అట్టా యెనకాల పెట్టుకుని నుంచున్నావు?" అంది.

"మర్యాదమ్మా," అన్నాను.

మర్యాద కాదు. నల్లజీడి.

ఇది తెలియనివాళ్ళు తమ చొక్కా కాలరు లోపలివైపు తిప్పి చూసుకోవచ్చు. చాకలికి వేసిన చొక్కా అయితే అక్కడ చిన్న నల్ల గుర్తు ఉంటుంది. రెండు గీతలూ ఒక చుక్కా, లేకపోతే ఒక సున్నాకి తోక. అది మీ ఇంటి గుర్తు. మీ పేరు మాకు తెలియకపోవచ్చు గాని మీ గుర్తు తెలుసు. దాన్ని నల్లజీడి గింజతో పెడతాం. గింజని ఎడమచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని, కుడిచేత్తో సూది గుచ్చి, సూదికి అంటిన రసంతో బట్ట మీద గీస్తాం. పైన కాస్త సున్నం అద్దితే నల్లబడుతుంది. ఆ తర్వాత బట్ట చిరుగుతుంది గాని గుర్తు పోదు. రసం వేలికి కారితే వేలి సంగతీ అంతే. కాకపోతే బట్ట పొక్కదు, వేలు పొక్కుతుంది.

ఎలక్షన్‌కి ముందు వారం, రైల్వే స్టేషన్ దగ్గర కొత్తగా తెరిచిన ఒక లాడ్జీవాళ్ళు దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు రిక్షాలో వేసి పంపారు. అన్నీ కొత్తవి, అన్నింటికీ గుర్తు పెట్టాలి. వీధిలో పెద్దవాళ్ళమంతా మూడు రోజులు సూదులు పట్టుకుని కూర్చున్నాం. మూడో రోజుకి ఎడమ చూపుడు వేలు నల్లగా లేనివాడు మా వీధి మొత్తానికి మా తాత ఒక్కడే. ఆయనకి ఆ వేలే లేదు. ఎలా పోయిందో ఏడాదికొక రకంగా చెప్తాడు.

బెజవాడలో ఏ మరకనైనా వదలగొట్టే వీధి మాది. ఆవకాయ నూనె, తమలపాకు, పెళ్ళి పారాణి, సైకిలు గ్రీజు, అన్నింటికీ మా దగ్గర మందు ఉంది. ఆ సాయంత్రం నా వేలు చవుడు మట్టిలో నానింది, చింతపండుతో రుద్దించుకుంది, కిరసనాయిల్లో మునిగింది. తోలు ఊడింది గాని నలుపు ఊడలేదు. మా తాత మంచం మీంచి చూసి, "పోయే మరకైతే గుర్తుకెందుకు వాడతాంరా," అన్నాడు.

వేలు ఎలాగూ నల్లగా ఉంది కదా, ఓటు జోలికి పోకుండా అదే హెడ్డుకి చూపించేస్తే సరిపోతుందని నాకూ తట్టింది. నాకు నిజాయితీ అనే జబ్బు లేదు, భయం అనే జబ్బు ఉంది. ఆయన లిస్టు తెప్పించి చూస్తే? ఓటెయ్యకుండా వేలు నల్లగా చేసుకున్నవాడికి ఏ శిక్ష ఉంటుందో తెలియదు. తెలియని శిక్ష ఎప్పుడూ పెద్దదే. అందుకని ధర్మమార్గాన, పొద్దున్నే చద్దన్నం తిని, ఆర్డరు కవరు చొక్కా జేబులో పెట్టుకుని ఓటుకి వెళ్ళాను. ఆ రోజు వేసుకున్న చొక్కా నాదే. చాకలి కొడుకుని ఆ ప్రశ్న అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను.

స్కూలు ఆవరణలో మగవాళ్ళ వరస చింతచెట్టు దాకా ఉంది. నా ముందు నిలబడ్డాయన తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. చంకలో పెన్షన్ పుస్తకం, కళ్ళజోడు డబ్బా, ఓటరు చీటీ, ఇంకా ఏవో కాయితాలు. వరస కదలనప్పుడల్లా వెనక్కి తిరిగి నాకు పాఠం చెప్పేవాడు.

"చూడబ్బాయ్, ఈ పద్ధతి పనికిరాదు. ఎవడో చీటీ పట్టుకొస్తాడు, నేనే ఫలానా అంటాడు, ఓటేసి పోతాడు. అడిగేవాడేడీ? ప్రతివాడికీ ఫొటో అంటించిన కార్డివ్వాలి. కార్డు చూపిస్తేనే లోపలికి రానివ్వాలి."

"నిజమేనండీ," అన్నాను. నా దృష్టంతా పిడికిట్లో దాచిన వేలి మీదే ఉంది.

నా వెనకాల రిక్షా తొక్కే ఆయన ఊరుకోలేదు. "ఫొటో ఎవరు తీయిస్తారండీ, తమరా? నా జన్మలో ఒక్కసారి దిగాను ఫొటో, పెళ్ళికి. అందులో మా బావ నా ముందు నుంచున్నాడు. ఆ కార్డు పెట్టుకెళ్తే ఓటు మా బావకి పోద్ది."

"నీలాంటివాళ్ళ వల్లేనయ్యా దేశం ఇట్టా ఉంది."

"అవునండీ, అందుకే మార్చడానికొచ్చా. జరగండి ముందుకి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఒక్కడినే నవ్వకపోతే అనుమానం వస్తుందని.

గదిలోకి వెళ్ళాక వరుసగా బల్లలు. మొదటి బల్ల దగ్గర లిస్టు పట్టుకున్నాయన నా పేరూ తండ్రి పేరూ గట్టిగా చదివాడు. ఎదురుగా బెంచీ మీద పార్టీల ఏజెంట్లు కూర్చున్నారు. పేరు వినగానే వాళ్ళు మనిషి మొహం చూసి తలూపాలి. అదే గుర్తింపు కార్డు. ఏజెంట్లలో ఒకాయన బట్టల కొట్లో గుమాస్తా. నేను పాకే వయసులో ఆయన పంచెల మూట మీదే నిద్రపోయేవాణ్ణట. ఆయన తలూపాడు. నాకు ప్రాణం కొంచెం కుదుటపడింది.

రెండో బల్ల దగ్గర సిరా పెట్టే ఆయన పుల్ల ముంచి, "చెయ్యి," అన్నాడు. కుడిచెయ్యి చాపాను.

"ఎడమ."

చాపాను. ఆయన వేలు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ వేలు చూశాడు. పుల్ల తిరిగి సీసాలో పెట్టేసి, "సార్," అని పిలిచాడు. చిన్నగానే పిలిచాడు. గదిలో అందరూ విన్నారు.

సార్ అంటే ప్రిసైడింగ్ ఆఫీసరు. బయటి ఊరి నుంచి డ్యూటీ మీద వచ్చిన కెమిస్ట్రీ లెక్చరరు, సన్నగా, మొదటిసారి ఈ డ్యూటీ పడ్డవాడిలా ఉన్నాడు. ఆయన నా వేలిని కిటికీ వెలుగులోకి లాక్కుని చూశాడు.

"ఏమిటిది?"

"నల్లజీడి అండీ. గుర్తులు పెట్టేది."

"ఏ గుర్తు?"

ఎన్నికల రోజున, పోలింగు గదిలో, గుర్తులు పెట్టేదానితో వేలు నల్లబడిందని చెప్పడం ఎంత తెలివితక్కువో నాకు అప్పుడు తెలిసింది. "బట్టలకండీ. మేం చాకళ్ళం," అన్నాను. సగం మాటలే బయటికి వచ్చాయి.

"సిరా అయితే గోరు మొదట్లో ఉండాలి. ఇది వేలి లోపలివైపు కూడా ఉందే," అన్నాడాయన తనలో తను. నాకు ఆశ పుట్టింది.

"తుడుచుకోబోతే పాకి ఉంటుందండీ," అన్నాడు గుమాస్తా.

"నేను మీకు తెలుసు కదండీ," అన్నాను ఆయన వైపు తిరిగి.

"ఎందుకు తెలీదు, పుట్టినప్పట్నుంచీ తెలుసు. అందుకే చెప్తున్నా. పోయిన నెల నా తెల్ల పంచె నీ చేతికి తెల్లగా వెళ్ళి నీలంగా తిరిగొచ్చింది. అడిగితే మొదట్నుంచీ అంతేనండీ అన్నావు. సార్, వీడెవడో నాకు అనుమానం లేదు. వీడి వేలే అనుమానం. పక్క బూత్‌లో ఇంకెవడి పేరు మీదో వేసొచ్చాడేమో ఎవడు చూడొచ్చాడు?"

పంచె సంగతి నిజం. దానికి ఈ శిక్ష ఎక్కువ.

లెక్చరరు నా మొహంలోకి చూసి, "నువ్వెవరో చెప్పే కాయితం ఏదైనా ఉందా?" అన్నాడు.

ఉంది. గుండె మీదే ఉంది. రైల్వే ముద్రతో, నా పేరుతో, మా వీధి పేరుతో. అంతకన్నా మంచి కాయితం ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు, పెన్షన్ పుస్తకం ఆయనతో సహా. కానీ అది తీసి ఇస్తే ఏమవుతుంది? కేసు రాస్తే అందులో ఆ ఆర్డరు నంబరు కూడా రాస్తారు. స్టేషన్‌కి పంపిస్తారు. స్టేషన్లో హెడ్డు చూస్తాడు. నడవడి: రెండుసార్లు ఓటేశాడు. ఆ కాయితం నా దగ్గర ఉన్నంతసేపే ఉద్యోగం నాది. నేనెవరో రుజువు చేసుకోవాలంటే నా దగ్గరున్న ఒకే ఒక్క విలువైన వస్తువుని వాళ్ళ చేతిలో పెట్టాలి. పెడితే తిరిగిస్తారన్న రుజువు ఏ కాయితంలోనూ లేదు.

"లేదండీ," అన్నాను.

"జేబులో ఏంటది?" చొక్కా పలచన, కవరు కనిపిస్తోంది.

"దువ్వెనండీ."

"అంత వెడల్పా?"

"జుట్టు ఎక్కువండీ."

ఎవరూ నవ్వలేదు. నా జన్మలో జోకుకి ఎవరూ నవ్వకపోతే సంతోషించింది ఆ ఒక్కసారే. లెక్చరరు గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ని పిలిచి, "ఈ అబ్బాయిని ఇక్కడ కూర్చోబెట్టండి. జీపు వచ్చినప్పుడు అప్పగిద్దాం," అన్నాడు.

జీపులో తిరుగుతున్నది మా హెడ్డే.

మూడో తరగతి పిల్లల బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. కానిస్టేబుల్ నా వైపు జాలిగా చూసి రెండు వేరుశనక్కాయలిచ్చాడు. వాటిని పిడికిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. పెన్షన్ పుస్తకం ఆయన ఓటేసి బయటికి పోతూ నా ముందు ఆగి, "చూశావా అబ్బాయ్, కార్డు ఉంటే నీకీ బాధ ఉండేది కాదు," అన్నాడు.

అది జరిగాక ఈ రెండేళ్ళలో ఆ మాట చాలాసార్లు ఆలోచించాను. టీకొట్టు దగ్గర ఓటరు కార్డుల చర్చ ఎప్పుడు వచ్చినా నన్ను అడుగుతారు, ఈ విషయంలో నేను అనుభవజ్ఞుణ్ణని పేరు. ఆ రోజు నేనెవరో తెలియక నన్ను కూర్చోబెట్టలేదు. నేనెవరో తెలిసినాయనే కూర్చోబెట్టించాడు. కార్డు మీద ఫొటో ఉంటుంది, వేలి చరిత్ర ఉండదు. అయినా దొంగ ఓట్లు లేవని నేను అనను, లిస్టులో పేరు పిలిస్తే చాలు, మా తాత చనిపోయిన తన అన్న గొంతుతో చాలా బాగా మాట్లాడతాడు. కాయితం అడగొచ్చు. అడిగేవాడి చేతిలో కాయితం, నా చేతిలో ఏమీ లేకుండా ఎంతసేపు నిలబడాలో కూడా ముందే చెప్తే బాగుంటుంది. నా అభిప్రాయం అంతవరకే. అప్పుడైతే అది కూడా లేదు. జీపు ఎప్పుడొస్తుందోనన్న ఆలోచన ఒక్కటే ఉంది.

జీపు చప్పుడు వినిపించింది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. జీపు గేటు దగ్గర ఆగింది. హెడ్డు దిగాడు. కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగాడు, మూడో గ్లాసుతో మొహం కడుక్కున్నాడు, ఎక్కాడు, వెళ్ళిపోయాడు. లోపలికి తొంగి కూడా చూడలేదు. లెక్చరరు పరిగెత్తుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి దుమ్మే ఉంది. "మళ్ళీ వస్తాడులెండి," అన్నాడు కానిస్టేబుల్. నాకు గంట ఆయుష్షు దొరికింది.

ఆ గంటలోనే మా వీధి వచ్చింది.

ఆడవాళ్ళ వరసలోంచి ముందు మా అమ్మ. నన్ను చూసింది, కానీ ఆగలేదు. పేరు చదివారు, గుమాస్తా తలూపాడు, రెండో బల్ల దగ్గర చెయ్యి చాపింది. సిరా పెట్టే ఆయన మళ్ళీ, "సార్," అన్నాడు. మా అమ్మ వెనక పక్కింటి పిన్ని చాపింది. నల్లగా ఉంది. ఆవిడ వెనక ఇంకొకావిడ. నల్లగా ఉంది. మగవాళ్ళ వైపు నుంచి మా వీధివాళ్ళు, నలుపు, నలుపు. సిరా పెట్టే ఆయన పుల్ల కింద పడేశాడు.

"ముఠా అండీ ఇది," అన్నాడు గుమాస్తా లేచి నిలబడి. "వీధి వీధంతా వేసొచ్చి మళ్ళీ వేస్తోంది."

లెక్చరరు మొహం పాలిపోయింది. ఆయన కూడా భయపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. అది నాకు ఏమాత్రం ధైర్యం ఇవ్వలేదు. భయపడ్డ ఆఫీసరు కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. "తలుపు వెయ్యండి," అన్నాడాయన కానిస్టేబుల్‌తో. "ఎవరూ బయటికి పోకూడదు. అందరి పేర్లూ రాసుకుంటాను. స్టేషన్‌కి కబురు చెయ్యండి."

మా అమ్మ స్టేషన్ మెట్లెక్కడం నాకు కళ్ళముందు కనిపించింది. వెనక పిన్ని, వెనక మోకాళ్ళ నొప్పులవాళ్ళిద్దరూ. ఎలా లేచానో తెలియదు, బెంచీ కూడా నాతోపాటు కొంచెం లేచింది. జేబులోంచి కవరు తీసి లెక్చరరు చేతిలో పెట్టాను.

"దువ్వెన కాదండీ. రైల్వే ఆర్డరు. నేనెవరో ఇందులో ఉంది. ఏం రాసుకోవాలన్నా నా ఒక్కడి మీద రాసుకోండి. వాళ్ళని ఇళ్ళకి పంపెయ్యండి."

ఇది త్యాగం. ఇక్కడ నగారా మోగాలి. లెక్చరరు కాయితం విప్పాడు, వెలుగుకి పెట్టి చూశాడు, తిప్పి చూశాడు.

"ఇందులో పేరేదీ?"

ఆర్డరు అచ్చు కాయితం. ఖాళీల్లో పేరూ, వీధీ మాత్రం ఇంకుతో రాసి ఉన్నాయి. పొద్దుట్నుంచీ నేను కార్చిన చెమటకి ఆ రెండూ కలిసి ఒక నీలం మేఘంగా మారాయి. అచ్చులో ఉన్న "ఖలాసీ" మటుకు స్పష్టంగా ఉంది.

"చెమటండీ," అన్నాను.

నా త్యాగం అంతటితో ముగిసింది. నేనెవరో ఇప్పుడు నాకూ కచ్చితంగా తెలియదు.

మా అమ్మ ఆ కాయితం వైపు ఒకసారి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ రొంటిలోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పింది. అందులో నల్లజీడి గింజ, సూది. మేం బజారుకి వెళ్ళినా అవి వెంట ఉంటాయి.

"అయ్యా, తమరు చదువుకున్నోరు. ఆ చేతిరుమాలు ఒక్క నిమిషం ఇటియ్యండి. గీసి చూపిత్తా. తర్వాత తమ ఇష్టం."

లెక్చరరు గింజ వైపు చూశాడు. ఆయన మొహంలో ఆఫీసరు కాస్త తగ్గి కెమిస్ట్రీ కాస్త పైకి వచ్చింది. "రుమాలు గుడ్డే కదా. మనం చూడాల్సింది చర్మం మీద," అని ఎడమచెయ్యి చాపాడు.

"వేలొద్దు బాబూ, పొక్కుద్ది."

"పరవాలేదు."

"వారం దాకా అన్నం కలుపుకోలేరు."

"అది ఎడమచెయ్యి కదమ్మా. పెట్టండి."

మా అమ్మ సూది గుచ్చి, ఆయన చూపుడు వేలి మీద చిన్న చుక్క పెట్టింది. వరసలో ఉన్న మా తాత సున్నం కాయ అందించాడు. చుక్క మొదట గోధుమరంగులో ఉంది. అలాగే ఉండిపోతుందేమో అనిపించింది. కొత్త గింజైతే ఆలస్యమవుతుంది, పాతదైతే ఒక్కోసారి అసలు పట్టదు. ఆవిడ ఏ గింజ తెచ్చిందో నాకు తెలియదు. గుమాస్తా కూడా బెంచీ దిగి వచ్చి నా పక్కన నిలబడి చూస్తున్నాడు. మెల్లగా అంచులు ముదిరాయి. తర్వాత మధ్య కూడా నల్లబడింది.

లెక్చరరు కిటికీ దగ్గర తన వేలు, నా వేలు, ఓటేసి, ఏమవుతుందో చూద్దామని అక్కడే ఆగిపోయిన రిక్షా ఆయన వేలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఓటు సిరా ఊదా మీద నలుపు, గోరులోకి దిగింది. మాది గోధుమ మీద నలుపు, చుట్టూ ఎర్రగా వాచింది. ఆయన తన వేలు ఊదుకుంటూ దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. రుజువు అయిపోయింది.

"సరే, ఇప్పుడు సిరా ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు సిరా పెట్టే ఆయన. "నలుపు మీద నలుపు పెడితే ఏం తెలుస్తుంది?"

ఈలోపు మా తాత వంతు వచ్చి ఆయన ఎడమచెయ్యి చాపాడు. అందులో ఆ వేలు లేదు. సిరా పెట్టే ఆయన అలవాటుగా, "వేలు లేకపోతే పక్క వేలికి," అని నడిమి వేలికి పూసేశాడు. పూశాక లెక్చరరు వైపు చూశాడు. లెక్చరరు తలూపాడు.

"అందరికీ అదే చెయ్యండి. ఉన్న వేలు లేనట్టు లెక్క."

గుమాస్తా ఒకసారి అభ్యంతరం చెప్పబోయి, తన పంచె కొంగు తిప్పి చూసుకున్నాడు. రెండు గీతలూ ఒక చుక్కా. వెళ్ళి కూర్చున్నాడు. మా వీధి మొత్తం నడిమి వేళ్ళకి సిరా పెట్టించుకుని ఓటేసింది. అట్ట తెర వెనక నా చెయ్యి ఎంత వణికిందంటే, స్టాంపు ఎక్కడ పడిందో నాకూ రహస్యమే.

భయం అక్కడితో పోవాలి. పోలేదు. ఇప్పుడు నడిమి వేలు. హెడ్డు చూపుడు వేలు చూస్తాడు, అది నల్లజీడి. నడిమి వేలు చూపిస్తే, ఓటు సిరా అక్కడెందుకు పెడతారు అంటాడు. ఆర్డరు చూపిస్తే నీలం మేఘం. సాయంత్రం స్టేషన్‌కి వెళ్తే, పోలింగు రోజు రాతపని లేదు పొమ్మన్నారు. మర్నాడు స్టేషన్ మెట్ల మీద నిలబడి, జరిగింది మొదట్నుంచీ ఎలా చెప్పాలో మూడుసార్లు వల్లించుకున్నాను. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది, మూడూ అబద్ధంలాగే ఉన్నాయి.

హెడ్డు రాతబల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ పది వేళ్ళూ విప్పి ఆయన ముందు పెట్టాను.

"ఏంట్రా ఇది?"

"సిరాతో రమ్మన్నారు కదండీ."

"ఓ, అదా. ఆ రోజు నా దగ్గర లిస్టు లేక అన్నాన్లే." డ్రాయరు లాగి ఓటర్ల లిస్టు కాపీ బయటికి తీశాడు. వేలితో కిందికి జారుకుంటూ వచ్చి నా పేరు దగ్గర ఆగి టిక్కు పెట్టాడు. నా చేతుల వైపు చూడలేదు.

"ఆర్డరు చూపించనాండీ?" అన్నాను.

"ఆర్డరెందుకు, దాని కాపీ షెడ్డువాళ్ళు మాకు ఎప్పుడో పంపారు." ఒక ఫారం తీసి, వెనకవైపు తిప్పి నా ముందుకి తోశాడు. అక్కడ రెండు ఖాళీలు ఉన్నాయి. "ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు కావాలి. ఈ వార్డువాళ్ళే అయ్యుండాలి. బాల్ పెన్ను పనికిరాదు, ఇంకు పెన్నుతోనే పెట్టాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా కౌంటరు మూసేస్తారు."